ఏడో అధ్యాయంలో పడిపోయిన అక్షరం

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలకు, మాస్టారి భార్య అమ్మగారికి, వారి అమ్మాయికి, వెనక వరసల్లో కూర్చున్న పాత సైనిక సోదరులకు, కుర్చీలు దొరక్క గోడలకు ఆనుకుని నిలబడ్డ మిత్రులందరికీ నమస్కారం.

ఇందాక మైకు దగ్గర మన మిత్రుడు "ఇప్పుడు సంతాప సభను ప్రారంభించడం జరుగుతుంది" అన్నాడు. నేను ఉలిక్కిపడి బల్ల మీదున్న ఫోటో వైపు చూశాను. మాస్టారు బతికుండగా ఆ మాట చెవిన పడితే ఏం చేసేవారో మీకందరికీ తెలుసు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఎవరు?" అనేవారు. "ఎవరు ప్రారంభిస్తున్నారండీ? సభ దానంతటదే మొదలవుతుందా, వానలాగా?" మిత్రమా, నొచ్చుకోకు. ఏళ్ళ తరబడి కాగితాల మీద అదే మాట రాసి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నిన్ను అనే అర్హత నాకు లేదు.

మాస్టారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పోయారు అనే మాట నాకింకా నోటికి అలవాటు కాలేదు. నిన్న కూడా ఆఫీసు గది తాళం తీసి, ఆయన కుర్చీ పక్కకి జరిపి, ఆయన కోసం టీ కూడా చెప్పాను. టీ వచ్చాక గుర్తొచ్చింది.

నేను తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. రికార్డుల ఆఫీసులో, మెట్ల కింద, చరిత్ర విభాగం అని ఒక గది ఉంది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరం. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి చెప్పి, ఆ తర్వాత యుద్ధాల చరిత్ర రాయడానికి వచ్చిన మాస్టారు ఒకరు. ఆయన అడిగిన ఫైలు తీసిచ్చే గుమాస్తాని నేను. పంతొమ్మిదేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. ఆఫీసులో ఆయనకి "ఎవరు మాస్టారు" అని పేరు. ప్రతిదానికీ "ఎవరు?" అని అడుగుతారు కదా, అందుకు. ఆ పేరు పెట్టింది ఎవరు అని కూడా ఆయన వాకబు చేశారు. నేనే. ఒప్పుకున్నాను. ఆ ఒక్కటీ వెంటనే ఒప్పుకున్నాను.

కాస్త మంచినీళ్ళు ఇప్పించండి. 

మీకు పది నిమిషాలు ఇచ్చాం అన్నారు అధ్యక్షులు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది, చూస్తూనే ఉన్నాను. అయితే నేను గడియారం కంటే ఎక్కువగా చూస్తున్నది నాలుగో వరసలో కూర్చున్న ప్రెస్సు ఆయన్ని. ఆకుపచ్చ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు చూడండి, ఆయనే. ఆ ఫైల్లో మాస్టారి మూడో పుస్తకం ఉంది. రైలు వంతెన ఆపరేషన్ చరిత్ర. పన్నెండేళ్ళు రాశారు. రేపు పొద్దున పదింటికి అందులో ఏడో అధ్యాయం మిషనెక్కాలి. ఆ అధ్యాయంలో ఒక వాక్యం సగంలో ఆగిపోయి ఉంది. చివర ఒక అక్షరం లేదు. ఆ అక్షరం ఏమిటో నన్ను చెప్పమన్నారు. తొమ్మిది రోజులుగా "చూసి చెప్తాను" అంటున్నాను. తొమ్మిది రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు.

ఒక్క అక్షరానికి ఇంత గొడవేమిటి అంటారా? చెప్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆ వంతెన దగ్గర ఏడుగురు చనిపోయారు. అక్కడున్న రాయి మీద ఆరు పేర్లే చెక్కి ఉన్నాయి. ఏడో పేరు దళనాయకుడిది. వెనక్కి రమ్మంటే రాలేదు, ఆయన మొండితనం వల్లే మిగతావాళ్ళూ పోయారు అని ఆయన పేరు చెక్కలేదు. ఆయన భార్య ఇక్కడే ఉన్నారు, రెండో వరసలో, కిటికీ పక్కన. పుస్తకం వచ్చాక, అందులో ఏముందో చూసి ఏడో పేరు సంగతి ఆలోచిస్తామని ఆ రాయి నిలబెట్టిన కమిటీవాళ్ళు చెప్పారు. ఇప్పుడు తెలిసిందా, ఆ అక్షరం మీద ఏం నిలబడి ఉందో?

అక్కా, మీరు అలా నా వంక చూడకండి. నేను చెప్పేది మర్చిపోతాను.

సరే. మాస్టారి గురించి మాట్లాడటానికి కదా వచ్చాం. మాట్లాడతాను.

యుద్ధం గురించి పుస్తకం రాయడం అంటే ఏమిటండీ? మనం చూసిన పుస్తకాల్లో ఒక పటం ఉంటుంది. ఇటునుంచి ఎర్ర బాణం, అటునుంచి నీలం బాణం. ఎర్ర బాణం వెళ్ళి నీలం బాణాన్ని గుద్దుతుంది. చివర ఒక ఫోటో, కింద నలుగురు అధికారుల పేర్లు. అయిపోయింది. మాస్టారికి ఆ బాణాలంటే ఒళ్ళుమంట. "బాణానికి కాళ్ళు నొప్పి పుట్టవోయ్, దానికి దాహం వెయ్యదు" అనేవారు.

వంతెన ఆపరేషన్ రిపోర్టులో ఒక వాక్యం ఉంది: "దళం సిమెంటు ఫ్యాక్టరీ గోడ నుంచి వంతెన మొదటి స్తంభానికి పన్నెండు నిమిషాల్లో చేరుకోవడం జరిగింది." అందరూ ఆ పన్నెండు నిమిషాలే రాసుకున్నారు. మాస్టారు ఏం చేశారో తెలుసా? అరవై రెండేళ్ళ మనిషి, ఒక గోతాం నిండా ఇసుక పోయించి, దాన్ని కాటాలో తూచి, పాతిక కిలోలు, భుజానికి కట్టుకుని ఆ ఫ్యాక్టరీ గోడ దగ్గర నిలబడ్డారు. నన్ను గడియారం పట్టుకోమన్నారు. ఎండ మాడ్చేస్తోంది. కంకర రాళ్ళు. ఫ్యాక్టరీ కాపలావాడు మమ్మల్ని ఇసుక దొంగలనుకుని వెంటపడ్డాడు. వాడికి సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మాస్టారు నడిచారు, వంగారు, పాకారు, మధ్యలో కూలబడి మళ్ళీ లేచారు. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. "నేను ముసలాణ్ణి, ఆరు తీసెయ్, ఇరవై వేసుకో. పన్నెండు మాత్రం కాదు" అన్నారు రొప్పుతూ. ఆ తర్వాత వారం రోజులు ఆయన నడుం పనిచేయలేదు, అమ్మగారు నన్ను గుమ్మంలో నిలబెట్టి తిట్టారు. అమ్మగారూ, ఆ తిట్లు న్యాయమైనవే.

అంటే, ఏడో అధ్యాయంలో ఆయన దేనికి లెక్క చూస్తున్నారో నాకు ఆ రోజే అర్థమై ఉండాలి. నిమిషాలకి. నాకు అర్థమైంది కూడా. అర్థం కానట్టు ఉన్నాను.

ఆ దళంలో పదకొండు మంది. నలుగురు వెనక్కొచ్చారు. ఆ నలుగుర్నీ మాస్టారు ఒక్కొక్కరి ఇంటికెళ్ళి కలిశారు. నేను వెంట ఉన్నాను. ఆయన ఎవర్నీ "ఏం జరిగింది?" అని అడగలేదు. అలా అడిగితే మనిషి తను విన్నదంతా, చదివిందంతా కలిపి ఒక కథ చెప్తాడట. ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "నీ కుడిపక్కన ఎవరున్నారు?" తర్వాత, "నీ ఎడంపక్కన ఎవరున్నారు?" అంతే. ఆ నలుగురిలో ఒకాయన లారీ డ్రైవరు, అప్పటిదాకా యుద్ధం గురించి భలే హుషారుగా చెప్తున్నాడు, ఆ ప్రశ్న వినగానే చేత్తో కుడిపక్కన గాలిలో తడిమాడు. అక్కడెవరో ఉన్నట్టే. తర్వాత పేరు చెప్పాడు. ఆ పేరు దళనాయకుడిది. "మాతో ఏమన్నాడంటే, ఇంకా కబురు రాలేదురా, వస్తుంది, వచ్చేదాకా ఆగుదాం అన్నాడు" అని చెప్పాడు.

విన్నారా? కబురు వచ్చినా మొండికేసిన మనిషి అన్న మాట ఇది కాదు. కబురు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న మనిషి మాట.

అంతటితో ఊరుకున్నారా? మనవాడు మనవాడి గురించి మంచిగానే చెప్తాడు కదా అన్నారు. అవతలి గట్టున ఆ రోజు తుపాకీ పట్టుకున్నవాళ్ళలో ఒకణ్ణి వెతికి పట్టుకుని ఉత్తరం రాశారు. శత్రువుకి ఉత్తరం రాస్తారా అని మా పై అధికారి గుడ్లురిమాడు. "చదరంగం ఆట గురించి రాస్తూ నల్లపావుల్ని దాచేస్తే ఎవడికి అర్థమవుతుందండీ?" అన్నారు మాస్టారు. ఏడు నెలలకి జవాబొచ్చింది, నాలుగు లైన్లు. మీవాళ్ళు పారిపోనూ లేదు, ముందుకీ రాలేదు, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేవారు, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు. ఇదీ ఆ ఉత్తరం. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు, ఫైల్లో పెట్టమని. పెట్టాను. ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టడం ఆయన చూశారో లేదో నాకు తెలీదు. చూసే ఉంటారు. ఆయన చూడనిదేముంది?

గడియారం ఆరు నిమిషాలు అంటోంది. త్వరగానే ముగిస్తాను.

ఆయన రెండో పుస్తకంలో ఒక తప్పు పడింది. ఒక సైనికుడు గాయపడి ఆసుపత్రిలో కోలుకున్నాడని రాశారు. ఆ మనిషి కోలుకోలేదు. తల్లి పుస్తకం పట్టుకుని ఆఫీసుకొచ్చింది. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టి వేలు చూపించింది. ఆ పూట మాస్టారు అన్నం ముట్టలేదు. నాలుగొందల కాపీలు అప్పటికే బయటికెళ్ళాయి. సరే, తప్పొప్పుల చీటీ ఒకటి అచ్చు వేయిద్దామని నేను ఎప్పటిలాగే రాసిచ్చాను: "నూట పదహారో పేజీలో పొరపాటు దొర్లింది." అంతే, ఆ కాగితం నా మొహాన విసిరికొట్టారు. పంతొమ్మిదేళ్ళలో అదొక్కసారే. "దొర్లడానికి అదేమన్నా గుండ్రాయా? కొండమీంచి దొర్లుకుంటూ వచ్చి నా పుస్తకంలో పడిందా? నేను రాశాను. నేను వాకబు చేయకుండా రాశాను. అలాగే రాయి" అన్నారు. "నేను వాకబు చేయకుండా తప్పు రాశాను" అని చీటీ అచ్చేయించి, దొరికిన ప్రతి కాపీలో, ఊరూరా లైబ్రరీలకి వెళ్ళి, జిగురు డబ్బా చేత్తో పట్టుకుని అతికించారు. మూడొందల అరవై రెండు అతికించగలిగారు. మిగతా ముప్ఫై ఎనిమిది ఎక్కడున్నాయో అని పోయేదాకా బెంగపడ్డారు.

తప్పు చేశాక మనం ఏమంటామండీ? దొర్లింది అంటాం. పడింది అంటాం. జరిగింది అంటాం. మన భాష మహా మంచిది, కర్త లేకుండా కూడా నడిచిపోతుంది. దొంగకి దారి వదిలినట్టు వదిలేస్తుంది. పదకొండు మందిని వంతెన మీదికి ఎవరు పంపారు? "పంపడం జరిగింది." వెనక్కి రమ్మని ఎవరు చెప్పారు? "చెప్పడం జరిగింది." ఏడుగురు పోయారు, ఎవరివల్ల? "ప్రాణనష్టం జరిగింది." ఈవిడ, ఆ దళనాయకుడి భార్య, బట్టలు కుట్టుకుంటూ, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, మా ఆఫీసుకి పదిహేడు అర్జీలు పెట్టారు. పదిహేడింటికీ ఒకటే జవాబు. "మీ అర్జీని పరిశీలించడం జరిగింది." ఎవరు పరిశీలించారు? ఎవరూ పరిశీలించలేదు. ఆ జవాబులు రాసింది మాత్రం ఒకరు. నేను. ఆ గుండ్రటి, అందమైన అక్షరాలు నావి.

అక్క ఒక రోజు మాస్టారితో ఒక మాట అన్నారు. వాళ్ళింట్లో, నేను కుట్టు మిషను పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాను. "మా ఆయన మొండివాడే మాస్టారూ, కాదనను. కానీ చెప్పిన మాట వినే మొండివాడు" అన్నారు. మాస్టారు ఆ మాట అలాగే రాసుకున్నారు. అది ఏడో అధ్యాయంలో మొదటి వాక్యం.

 చెప్పేస్తాను. ఇంకా ఆగితే చెప్పను, నా సంగతి నాకు తెలుసు.

ఆపరేషన్ రోజున హెడ్‌క్వార్టర్స్ ఒక బడిలో పెట్టారు. పిల్లలు కూర్చునే బల్ల దగ్గర ఒక గుమాస్తా కూర్చున్నాడు. మోకాళ్ళు బల్లకి తగిలేవి. ఎదురుగా నల్లబల్ల, దాని మీద ఎవరో పిల్లలు వేసిన కూడికలు చెరపకుండా అలాగే ఉన్నాయి. ఆ గుమాస్తా పని ఏమిటంటే, వచ్చిన ప్రతి సందేశాన్నీ ముందు రిజిస్టర్లో అందంగా ఎక్కించాలి, తర్వాత వరండా చివర వైర్‌లెస్ గదికి పంపాలి. ఎక్కించకుండా పంపకూడదు. అది రూలు. ఆ గుమాస్తాకి తన చేతిరాత అంటే మహా గర్వం.

సాయంత్రం నాలుగు దాటింది. కల్నల్ గారు వచ్చి రెండు పేజీల సందేశం ఇచ్చారు, పైవాళ్ళకి. వంతెన మన చేతికొచ్చినట్టే అని. "ఇది పెద్దవాళ్ళు చూసేది, మూడు ప్రతులు, అందంగా రాసి, ముందు ఇదే పంపు" అన్నారు. గుమాస్తా మొదలుపెట్టాడు. మొదటి పేరా అవుతుండగా పక్కగదిలోంచి ఒక చీటీ వచ్చింది. నాలుగు గంటల పది నిమిషాలు. నాలుగే ముక్కలు. దళం వెంటనే వెనక్కి రావాలి. చదివాడు. చదవలేదని అబద్ధం చెప్పను. చదివి, ఇదొక్కటీ పూర్తిచేసి పంపిద్దాం అనుకుని, ఆ చీటీ ఎగిరిపోకుండా నల్లబల్ల తుడిచే డస్టరు కింద పెట్టాడు. పెద్ద సందేశాన్ని పూర్తిచేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. మూడు ప్రతులు. తర్వాత చీటీ తీసి రిజిస్టర్లో ఎక్కించాడు. పంపిన సమయం అనే గడిలో, చీటీ మీద ఏ సమయం ఉందో అదే దించేశాడు. నాలుగు పది. వైర్‌లెస్ మనిషి తన జేబు పుస్తకంలో నాలుగు నలభై ఎనిమిది అని రాసుకున్నాడు. విచారణలో దాన్నెవరు పట్టించుకున్నారు? గీతలు గీసిన రిజిస్టరు ముందు జేబు పుస్తకం ఏపాటి?

ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

ఆ గుమాస్తా ఎవరు?

మాస్టారికి ఎలా తెలిసిందో చెప్తాను. ఆ చీటీ ఫైల్లో అలాగే ఉంది. మాస్టారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూసి, "ఏమోయ్, దీని మీద ఈ తెల్ల మరకేమిటి? నాలుగు పలకలుగా ఉంది" అన్నారు. సున్నం అయ్యుంటుంది అన్నాను. ఆయన వేలితో రుద్ది, "సుద్ద" అన్నారు.  మరో నెలకి ఒక మధ్యాహ్నం రెండు పేజీలు నా ముందు పెట్టి, "నీ చేతిరాత బాగుంటుంది కదా, ఇది మూడు ప్రతులు తీసిపెట్టు, తొందరేం లేదు" అన్నారు. కల్నల్ గారి సందేశమే. నేను రాస్తూ కూర్చున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. అయిపోయాక తలెత్తి చూస్తే పేపరు తలకిందులుగా ఉంది, చేతి గడియారం బల్ల మీద ఉంది. ముప్ఫై ఆరు నిమిషాలు పట్టిందని ఆయన నాకు చెప్పలేదు. తర్వాత రాతప్రతి అంచున చూశాను. ఆ రోజు మాత్రం, "టీ తాగుదామా?" అన్నారు, అంతే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆ రోజు నుంచీ తడుముకుంటూనే ఉన్నాను. ఆయన అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే ఏం చెప్పాలో మూడు రకాల అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఆయన అడగలేదు. లోకంలో అందర్నీ "ఎవరు?" అని అడిగిన మనిషి నన్ను ఒక్కణ్ణీ అడగలేదు. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఎదురుగా కూర్చుని నా టీలో సగం తాగారు.

అధ్యాయం రాశారు. కల్నల్ గారి వాటా కల్నల్ గారికి రాశారు, ఏ సందేశం ముందు అని చెప్పింది ఆయనే కాబట్టి. రూలు పెట్టినవాళ్ళ వాటా వాళ్ళకి రాశారు. ఒక్క వాక్యం మాత్రం ఇలా వదిలేశారు. కాగితం తెచ్చాను, చదువుతాను. "నాలుగు గంటల పది నిమిషాలకు అందిన ఆజ్ఞను," ఇక్కడ ఖాళీ, "ముప్ఫై ఎనిమిది నిమిషాలు బల్ల మీద ఆపా", ఇక్కడ మళ్ళీ ఖాళీ. అంతే. చివరి అక్షరం లేదు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ అక్షరం నీ దగ్గరుంది, నేను రాస్తే అది ఆధారం, నువ్వు చెప్తే అది చరిత్ర" అన్నారు. ఆ మాటకి నేనేమన్నానో తెలుసా? "ముందు మీరు కోలుకోండి మాస్టారూ" అన్నాను. తప్పించుకున్నాను.

ప్రెస్సు ఆయన ఫోన్ చేసి, పాపం మంచికే, "అక్షరం పడిపోయినట్టుందండీ, 'రు' పెట్టేస్తాను, ముందున్న ఖాళీ కలిపేస్తాను, ఎవరికీ తెలీదు" అన్నారు. ఆపారు. ఎంత హాయిగా ఉందో చూడండి ఆ మాట. ఆపారు అంటే ఒకరు కావచ్చు, పదిమంది కావచ్చు. పైగా మర్యాద కూడా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఆ 'రు' వెనకే దాక్కున్నాను. మా ఆవిడ చివరి వరసలో కూర్చుని ఉంది, తనకి కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. మా మనవరాలు స్కూల్లో, మా తాతయ్య వంతెన యుద్ధంలో ఉన్నాడు అని చెప్పుకుంటుంది. నేను రేపటి నుంచి ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? తెలీదు. నిజంగా తెలీదు.

ఆ గుమాస్తా నేను.

మొదటి రోజున అది పొరపాటు. మర్నాడు విచారణలో రిజిస్టరు తెరిచి ఇదేనా సమయం అని అడిగినప్పుడు "అవునండీ" అన్నాను చూడండి, అక్కడి నుంచి అది పొరపాటు కాదు. నేను దాచాను. పదిహేడు అర్జీలు వచ్చాయి, పదిహేడుసార్లూ దాచాను.

ప్రెస్సు బాబూ, పెన్ను తియ్యండి. రాసుకోండి. మొదటి ఖాళీలో "సందేశాల గుమాస్తా" అని పెట్టి, పక్కనే నా పూర్తి పేరు పెట్టండి. రెండో ఖాళీలో 'రు' వద్దు. 'డు' పెట్టండి. ఆపాడు. నాకు మర్యాద అక్కర్లేదు. దొర్లడం, జరగడం ఏవీ వద్దు. ఆపాడు.

అక్కా, మీ ఆయన మొండితనం చేయలేదు. కబురు కోసం ఆగాడు. కబురు నా దగ్గర ఉంది. ఈ మాట మీకు మీ ఇంటికొచ్చి ముందే చెప్పాల్సింది, మీ గుమ్మం దాకా నాలుగుసార్లు వచ్చి తిరిగెళ్ళిపోయాను. ఒకసారి, నేనెవరో మీకింకా తెలియనప్పుడు, మీరు కిటికీలోంచి చూసి, "ఏం బాబూ, బట్టలు కుట్టించుకోవాలా?" అని కూడా అడిగారు. క్షమించమని అడగను. అడగడానికి మొహం లేదు. ఆ రాయి దగ్గరికి ఎవరెవరు వెళ్ళాలో, ఎవరి ముందు నిలబడి సంతకం పెట్టాలో చెప్పండి, వస్తాను.

అధ్యక్షా, మీరిచ్చిన సమయం దాటిపోయింది. మన్నించాలి.

ఇక మాస్టారి కోసం మౌనంగా నిలబడాలి. "మౌనం పాటించడం జరుగుతుంది" అని నేను అనను. అంటే ఆ ఫోటోలోంచి "ఎవరు?" అని వినిపిస్తుంది. మనం నిలబడదాం. నాతో పాటు లేవడం ఇష్టంలేనివాళ్ళుంటే నన్ను చూడకండి, ఆయన్ని చూసి లేవండి. ఆయన కోసం, రాయి మీదున్న ఆ ఆరుగురి కోసం, రాయి మీద లేని ఆ ఒక్కడి కోసం. రెండే నిమిషాలు. గడియారం నేను చూస్తాను, ఈసారి సరిగ్గా చూస్తాను. రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో మీ అందరికీ తెలుస్తుంది. వాళ్ళు ముప్ఫై ఎనిమిది నిలబడ్డారు.

లేవండి.